ఐర్లాండ్‌ తాత... పేరులేని అవ్వ!

మియాపూర్‌ నుంచి ఎల్బీనగర్‌ వెళ్లే మెట్రో రైలు మలక్‌పేట, న్యూమార్కెట్‌ దాటగానే ఓ స్టేషన్లో ఆగుతుంది. 'మూసారాంబాగ్‌' అని మైకు చెబుతుంది. కాలేజీ బ్యాగులు కొన్ని దిగుతాయి, కూరగాయల సంచులు కొన్ని ఎక్కుతాయి. తలుపులు మూసుకుంటాయి. రోజూ ఆ పేరు వింటూనే ఉంటారు గానీ... ఇంతకీ ఎవరీ మూసా? ఎవరీ రాం?

ఇద్దరూ లేరు. ఉన్నది ఒక్కడే. అతను ముస్లిమూ కాదు, హిందువూ కాదు, హైదరాబాదీ అసలే కాదు. ఫ్రాన్స్‌లో పుట్టిన జనరల్‌ రేమండ్‌!

1755లో గాస్కనీ ప్రాంతంలో పుట్టిన రేమండ్‌ వ్యాపారం చేద్దామని పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారి కాస్తా సిపాయి అయ్యాడు. చివరికి రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్‌ కొలువులో చేరి వేల మంది సైన్యానికి సేనాని అయ్యాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోయించిందీ ఆయనే. 1798 మార్చి 25న చనిపోతే దిల్‌సుఖ్‌నగర్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఆస్మాన్‌గఢ్‌ గుట్ట మీద సమాధి చేశారు. 23 అడుగుల గ్రానైట్‌ స్తంభం, దాని మీద 'జేఆర్‌' అన్న రెండక్షరాలు. పక్కనే స్తంభాల మండపం. 2001లో వానలకు ఆ మండపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. ఇప్పుడు చుట్టూ ఇళ్లే.

'మాన్సియర్‌ రేమండ్‌' అనాలంటే మన సిపాయిలకు నోరు తిరగలేదు. ముస్లిం సిపాయిలు 'మూసా రహీం' అన్నారు, హిందూ సిపాయిలు 'మూసా రాం' అన్నారు. ఆయన తోట మూసారాంబాగ్‌ అయిపోయింది. ఎంత పెద్ద సేనాని అయితేనేం, 200 ఏళ్లు దాటేసరికి పేరు ఇలా మారిపోయింది. ఫ్రాన్స్‌ నుంచి ఎవరైనా వచ్చి హైదరాబాద్‌ మ్యాపులో 'రేమండ్‌' కోసం వెతికితే సమాధి తప్ప ఏమీ కనిపించదు. పేట పేరులోనే ఆయన ఉన్నాడని ఎవరో ఒకరు చెవిలో చెప్పాలి.

సేనాని సంగతే ఇలా ఉంటే, ఓ మామూలు సిపాయి పేరు ఏమై ఉంటుంది? అందులోనూ చదువురాని, సంతకం పెట్టలేని ఓ ఐర్లాండ్‌ సిపాయి పేరు?

పొట్టకూటి కోసం సికింద్రాబాద్‌

రేమండ్‌ రోజుల్లోనే నిజాం కొలువులో మైకేల్‌ ఫింగ్లాస్‌ అనే ఐరిష్‌ కిరాయి సైనికాధికారి ఉండేవాడు. ఫ్రెంచివాళ్ల బలం మరీ పెరిగిపోకుండా ఇటు ఫింగ్లాస్‌, అటు బాయ్డ్‌ అనే అమెరికన్‌ విడివిడి దళాలు నడిపేవారు. బాయ్డ్‌ తర్వాత స్వదేశం వెళ్లి అక్కడ జనరల్‌ అయ్యాడు. ఫింగ్లాస్‌ పేరున మాత్రం మనకి ఓ బాగూ లేదు, ఓ మెట్రో స్టేషనూ లేదు. తమాషా ఏంటంటే డబ్లిన్‌ నగరానికి ఉత్తరాన ఫింగ్లాస్‌ అనే ఊరుంది. మన సరూర్‌నగర్‌ హైదరాబాద్‌లో కలిసిపోయినట్టే అదీ డబ్లిన్‌లో కలిసిపోయింది. మనవాళ్లలో ఊరి పేరే ఇంటిపేరైనవాళ్లు ఎంతమంది లేరూ... అక్కడా అంతే!

1798లో రేమండ్‌ సైన్యాన్ని రద్దు చేయించిన గవర్నర్‌ జనరల్‌ వెల్లెస్లీ కూడా ఐర్లాండ్‌లో పుట్టినవాడే. 1806లో సికింద్రాబాద్‌ కంటోన్మెంట్‌ ఏర్పడ్డాక ఇక ఐరిష్‌ సిపాయిల రాకపోకలకు లోటు లేదు. అక్కడ బీదరికం ఎక్కువ, ఇక్కడ జీతం నికరం. 19వ శతాబ్దం తొలి సగంలో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌ సైన్యంలో చేరిన తెల్ల సిపాయిల్లో దాదాపు సగం మంది ఐర్లాండ్‌ వాళ్లే. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఏళ్ల తరబడి కరవు పట్టుకుంది. 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది దేశం వదిలారు. ఆ వలసలో ఎక్కువమంది అమెరికా ఓడలెక్కారు, కొందరు సైన్యంలో చేరి ఇటు వచ్చారు.

సికింద్రాబాద్‌లో సెయింట్‌ మేరీస్‌ చర్చి చూసే ఉంటారు. ఇప్పుడది బసిలికా. 1847లో మొదలుపెట్టి 1850కి పూర్తిచేయించిన మతగురువు డేనియల్‌ మర్ఫీది ఐర్లాండ్‌లోని కార్క్‌ ప్రాంతం. హైదరాబాద్‌లో బిషప్‌గా చేసి, ఆ తర్వాత టాస్మానియా వెళ్లి అక్కడ ఆర్చిబిషప్‌ అయ్యాడు. కంటోన్మెంట్‌ నిండా ఐరిష్‌ కేథలిక్‌ సిపాయిలున్న కాలం అది.

ఆ సిపాయిల్లో కొందరు తిరిగి వెళ్లారు. చాలామంది కలరాకో, జ్వరానికో ఇక్కడే మట్టిలో కలిశారు. ఇంకొందరు ఇక్కడి అమ్మాయిల్ని చేసుకుని ఉండిపోయారు. వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు నిజాం రైల్వేలో గార్డులు, డ్రైవర్లు అయ్యారు. కొందరి ఇంటిపేరు ఇప్పటికీ అలాగే ఉంది. కొందరిది మూసారాంబాగ్‌ అయిపోయింది!

'మా తాతల్లో ఒకాయన ఐర్లాండ్‌ నుంచి వచ్చాడట' అన్న మాట ఒక్కటే మిగిలిన ఇళ్లున్నాయి. ఆ 'అట'ను పట్టుకుని ఎంతదూరం వెళ్లొచ్చు?

పాస్‌పోర్ట్‌ వస్తుందా?

తర్వాతి స్టేషన్‌ దిల్‌సుఖ్‌నగర్‌. విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డుల మీద అమెరికా, కెనడాలతోపాటు ఐర్లాండ్‌ పేరూ కనబడే చోటు. కాబట్టి మొదట వచ్చే ప్రశ్న ఇదే... 'తాత ఐర్లాండ్‌ వాడైతే మనకి ఆ దేశం పాస్‌పోర్ట్‌ ఇస్తారా?'

ఇస్తారు, కానీ తాత అంటే సొంత తాతే అయ్యుండాలి. అమ్మ తరఫునో నాన్న తరఫునో తాతగాని, అమ్మమ్మ నానమ్మల్లో ఒకరుగాని ఐర్లాండ్‌ దీవిలో పుట్టి ఉంటే 'ఫారిన్‌ బర్త్స్‌ రిజిస్టర్‌'లో పేరు ఎక్కించుకుని పౌరసత్వం పొందొచ్చు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి మెలిక ఉంది. మీరు పుట్టకముందే మీ అమ్మో నాన్నో ఆ రిజిస్టర్‌లో చేరి ఉంటేనే మీకు దారి. అంతకు పైన ఎంత గొప్ప ఐరిష్‌ సిపాయి ఉన్నా ఆ తలుపు మూసే ఉంటుంది. పైగా తాత జనన పత్రం, పెళ్లి పత్రం, అమ్మానాన్నల పత్రాలు, మీ పత్రం... గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా పని జరగదు. పైగా మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అది తీసుకుంటే ఇది వదులుకోవాల్సిందే.

1840ల్లో వచ్చిన సిపాయి అయితే పాస్‌పోర్ట్‌ ఆశ వదిలేయొచ్చన్నమాట. అయినా వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. వాళ్లకు కావాల్సింది వీసా కాదు, ఊరి పేరు.

వెతుకులాట ఇనప్పెట్టె నుంచి...

ఇలా వెతికే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నేరుగా డబ్లిన్‌ వెళ్లిపోతారు, విమానంలో కాకపోతే కంప్యూటర్లో. 'మర్ఫీ' అని కొడతారు. ఐర్లాండ్‌లో అన్నింటికన్నా ఎక్కువగా ఉండే ఇంటిపేరు అదే! మన దగ్గర 'రెడ్డి' అనో 'రావు' అనో పట్టుకుని ముత్తాతను వెతికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వెతకాల్సింది వెనక నుంచి. అంటే ఇవాళ్టి నుంచి నిన్నకు, నిన్నటి నుంచి మొన్నకు. అటక మీది ఇనప్పెట్టెలో ఏముందో చూడాలి. బాప్టిజం చీటీ, రైల్వే సర్వీసు కాగితాలు, పింఛను పుస్తకం, ఫొటోల వెనక పెన్సిల్‌ రాతలు. పాత కుటుంబాల్లో బైబిల్‌ మొదటి పేజీలో పిల్లల పుట్టినరోజులు వరసగా రాసి పెట్టుకునేవారు. పంచాంగం అట్ట వెనక మన తాతలు రాసుకున్నట్టే. పెట్టె ఖాళీగా ఉన్నా ఆశ్చర్యం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. కాగితాలెక్కడ మిగులుతాయి?

పెట్టె తర్వాత పెద్దావిడ. ప్రతి ఇంట్లో చుట్టరికాలన్నీ నోటికొచ్చిన అత్తో, పెద్దమ్మో ఒకరుంటారు. ఆవిడ దగ్గర కూర్చుని 'మీ తాతను ఏమని పిలిచేవారు? పెళ్లి ఏ చర్చిలో అయింది? సమాధి ఎక్కడ?' అని అడగాలి. 'అదంతా ఇప్పుడెందుకు బాబూ' అంటుందావిడ మొదట. వారం పోయాక తనే పిలిచి చెబుతుంది!

పల్లెల్లో పిచ్చుకుంట్లవాళ్లు వచ్చి గోత్రం, వంశం అంతా గుక్కతిప్పకుండా చెప్పేవారు. గయ వెళ్తే పండాలు చోపడా తీసి ఎప్పుడో వచ్చిన మన తాత చేవ్రాలు చూపించేవారు. సిపాయి కుటుంబానికి ఆ వసతి లేదు. వాళ్ల పండా చర్చి పాదిరి, వాళ్ల చోపడా బాప్టిజం రిజిస్టరు. సికింద్రాబాద్‌లో సెయింట్‌ మేరీస్‌, 1813 నాటి సెయింట్‌ జాన్స్‌, బొల్లారంలో హోలీ ట్రినిటీ... ఇలాంటి చోట్ల పుట్టుక, పెళ్లి, చావు మూడూ రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలోని చర్చిలు ఆ రాతల నకళ్లను పైకి పంపేవి. అవి లండన్‌ చేరేవి. ఆ దొంతరలు ఇప్పుడు బ్రిటిష్‌ లైబ్రరీలో ఉన్నాయి. 1698 నాటి మద్రాసు పద్దులు కూడా వాటిలో ఉన్నాయి. చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కాయి. కేథలిక్‌ చర్చిల పద్దులు మాత్రం మొదట్లో ఈ నకళ్లలో సరిగా చేరలేదు. ఐరిష్‌ సిపాయిల్లో ఎక్కువమంది కేథలిక్కులే కదా... అందుకే వాళ్ల కోసం అసలు చర్చి గడప తొక్కాల్సిందే.

సమాధి రాళ్లూ సాక్ష్యాలే. దక్షిణాసియాలో యూరోపియన్ల శ్మశానాల వివరాలు సేకరించడానికి 1976లోనే ఓ సంఘం పుట్టింది. బ్రిటిష్‌ ఇండియా కుటుంబాల మూలాలు వెతికేవాళ్ల కోసం 1998లో మరోటి వచ్చింది. పేర్ల జాబితాలు ఉచితంగా చూడొచ్చు. అయితే అక్షరక్రమాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. సిపాయి చెప్పినదాన్ని గుమాస్తా విన్నట్టు రాశాడు. 'ఓ' ఎగిరిపోయింది, 'మెక్‌' ఊడిపోయింది. ఓబ్రియన్‌ కాస్తా బ్రయన్‌ అయ్యాడు. అందుకే పేరును కళ్లతో కాక చెవులతో వెతకాలంటారు. ఒకేలా వినిపించే పేర్లను ఒక గూటికి చేర్చే 'సౌండెక్స్‌' పద్ధతికి 1918లోనే అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సిపాయిలు 'మూసా రాం' అన్నప్పుడు చేసిందీ అదే, కాకపోతే పేటెంటు తీసుకోలేదు!

ఇంకో చిన్న ఆధారం ఉంది. పాత ఐరిష్‌ కుటుంబాల్లో పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకి ఇది కొత్తేం కాదు. సిపాయి పెద్దకొడుకు పేరు తెలిస్తే, ఐర్లాండ్‌లో ఉండిపోయిన ముసలాయన పేరు సగం తెలిసినట్టే.

కాలిపోయిన కచేరీ

సరే, ఇక్కడి తీగ లాగి లాగి ఐర్లాండ్‌ గట్టెక్కాం అనుకుందాం. అక్కడేముంది? బూడిద!

1922 జూన్‌ 30. డబ్లిన్‌లో అంతర్యుద్ధం. 'ఫోర్‌ కోర్ట్స్‌' భవన సముదాయంలో తిష్ఠవేసిన తిరుగుబాటుదారుల మీద ప్రభుత్వ సేనలు ఫిరంగులు పేల్చాయి. పెద్ద పేలుడు జరిగింది. పక్కనే ఉన్న పబ్లిక్‌ రికార్డ్‌ ఆఫీసు తగలబడింది. కొన్ని వందల ఏళ్ల కాగితాలు గాల్లోకి లేచి డబ్లిన్‌ వీధుల్లో రాలాయి. 1821, 31, 41, 51 జనాభా లెక్కలు దాదాపు మొత్తం పోయాయి. 1861, 71, 81, 91 లెక్కలైనా మిగిలాయా అంటే వాటిని అంతకుముందే సర్కారువారు తామే నాశనం చేయించారు. పూర్తిగా దక్కినవి 1901, 1911 లెక్కలు. అప్పటికి మన సిపాయి మనవడు లాలాగూడలో రైలింజన్‌ నడుపుతున్నాడు.

అయితే మనిషి బుద్ధి ఊరుకోదుగా. జనాభా లెక్కలు పోతే పన్నుల లెక్కలు పట్టుకున్నారు. 1823-37 మధ్య చర్చి పన్ను కోసం రాసిన రైతుల జాబితాలున్నాయి. 1847-64 మధ్య ఇళ్లకూ భూములకూ విలువ కట్టిన గ్రిఫిత్‌ సర్వే ఉంది. కేథలిక్‌ చర్చిల రిజిస్టర్లను 2015లో ఐర్లాండ్‌ జాతీయ గ్రంథాలయం ఉచితంగా చూసుకోమని నెట్‌లో పెట్టేసింది. కాలిపోయిన కచేరీకి వందేళ్లు నిండిన 2022లో, వేరే వేరే దేశాల్లో దొరికిన నకళ్లన్నీ ఏరి కూర్చి ఆ కచేరీని కంప్యూటర్లో మళ్లీ కట్టారు.

వీటిలో దేన్ని తెరవాలన్నా ఊరి పేరు కావాలి. 'ఐర్లాండ్‌' అంటే చాలదు. ఆ చిన్న దీవిలో 60 వేలకు పైగా 'టౌన్‌ల్యాండ్‌'లున్నాయి, మన పల్లెల్లో శివారు గూడేల్లాగా. అందులో ఏది?

ఆ జవాబు ఐర్లాండ్‌లో దొరకదు. సైన్యం దగ్గర దొరుకుతుంది. జీతం ఇచ్చేవాడికి లెక్క కావాలి కదా! ఏ ఓడలో వచ్చాడు, ఏ ఊరివాడు, సైన్యంలోకి రాకముందు ఏం పని చేసేవాడు... కంపెనీ దొరలు అన్నీ రాసుకున్నారు. రాజుగారి సైన్యంలో పనిచేసినవాడైతే లండన్‌ పక్కన క్యూలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో విడుదల పత్రం ఉంటుంది. పుట్టిన ఊరు, ఎత్తు, కళ్ల రంగుతో సహా! సొంతూరి కాగితాలు డబ్లిన్‌లో కాలిపోతే, ఇండియాకి వచ్చిన పుణ్యాన ఆ పేదవాడి ఆనవాలు మిగిలింది. ఊళ్లోనే ఉండిపోయిన అతని అన్నకు ఆ భాగ్యం కూడా లేదు.

అవ్వ పేరు ఏ గడిలో?

చైతన్యపురిలో మనకేం పనిలేదు. తర్వాత విక్టోరియా మెమోరియల్‌. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం కాలంలో విక్టోరియా రాణి పేరిట వెలసిన అనాథాశ్రమమే ఈ స్టేషన్‌కి పేరిచ్చింది. 'తల్లి పేరు, తండ్రి పేరు' అన్న గడులు ఎంత బరువైనవో అనాథాశ్రమాలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

తెల్ల సిపాయిల పిల్లల కోసం ఇంతకు చాలాముందే మద్రాసులో ఆశ్రమాలు పెట్టారు. 1787లో ఆడపిల్లలకు, 1789లో మగపిల్లలకు. తండ్రి సిపాయి, తల్లి ఇక్కడి ఆడమనిషి. తండ్రి పోతేనో, బదిలీ అయితేనో పిల్లల్ని అక్కడ చేర్చేవారు. తల్లి బతికే ఉన్నా సరే, వాళ్లు 'అనాథ'లే!

సిపాయి కుటుంబపు రికార్డు తెరిచినవాళ్లకు గుండె కలుక్కుమనేది ఇక్కడే. తాత పేరు, నంబరు, రెజిమెంటు, ఓడ, కళ్ల రంగు అన్నీ తెలుస్తాయి. బిడ్డ బాప్టిజం పద్దులో తల్లి గడి చూస్తే చాలాచోట్ల ఒక్కటే మాట: 'నేటివ్‌ వుమన్‌'. కొన్నిచోట్ల అదీ లేదు, ఖాళీ. పేరుంటే మేరీ, ఆన్‌ అని పెళ్లి ముందు పాదిరి పెట్టిన పేరు. ఆమె ఎల్లమ్మో, ఖాజాబీయో, ఏ ఊరి పిల్లో, ఏ భాషలో జోలపాడిందో ఆ పుస్తకం చెప్పదు.

మొదట్లో కంపెనీకి ఈ పెళ్లిళ్లంటే ముద్దే. 1687లో డైరెక్టర్లు మద్రాసుకు ఉత్తరం రాస్తూ, సిపాయిలు ఇక్కడి స్త్రీలను చేసుకుంటే మంచిదనీ, బిడ్డకు బాప్టిజం ఇచ్చిన రోజున తల్లికి ఓ వరహా బహుమతి ఇవ్వమనీ చెప్పారు. వందేళ్లు తిరిగేసరికి మనసు మారింది. 1791లో, తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనా కంపెనీ సివిల్‌, సైనిక కొలువుల్లోకి తీసుకోకూడదని నిర్ణయించారు. ఇక తల్లి పేరు బయటపెడితే కొడుకు కూటికి ఎసరు! దాచేసినవాళ్లు ఎందరో. రాజ్యాంగంలోనూ అంతే. 366వ అధికరణం ప్రకారం ఆంగ్లో ఇండియన్‌ అంటే తండ్రి వైపు మగ వరసలో యూరప్‌ మూలం ఉన్నవారు. ఆ నిర్వచనంలో అవ్వ ఊసే లేదు. ఆ గుర్తింపుతో లోక్‌సభకూ శాసనసభలకూ సభ్యుల్ని నామినేట్‌ చేసే పద్ధతి కూడా 104వ సవరణతో 2020 జనవరిలో ఆగిపోయింది.

తద్దినం పెట్టేవాళ్లకు తెలుసు, తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నానమ్మ, తాతమ్మల పేర్లూ చెప్పాలి. మూడు తరాలే కావచ్చు, పేర్లు మాత్రం పలుకుతారు. సిపాయి భార్యకు ఆ పలుకూ దక్కలేదు.

పెద్దింటి కథ వేరు. కోఠిలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్‌, ఖైరున్నీసా బేగంల ప్రేమకథ అందరికీ తెలుసు. 1805లో వాళ్ల పిల్లలిద్దరినీ ఇంగ్లండ్‌ ఓడ ఎక్కించారు. సాహెబ్‌ ఆలం, సాహెబ్‌ బేగం అనే పేర్లు ఓడ దిగాక విలియం జార్జ్‌, కేథరిన్‌ అరోరా అయ్యాయి. తల్లి మళ్లీ పిల్లల్ని చూడలేదు. 'కిట్టీ' అని పిలిపించుకున్న ఆ కూతురు మూడు దశాబ్దాలు దాటాక హైదరాబాద్‌లోని అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాయగలిగింది. చిన్నప్పుడు తమ ఇద్దరినీ నిలబెట్టి గీసిన బొమ్మ ఇంగ్లండ్‌లో ఓ ఇంటి గోడ మీద కనబడటం ఆ పాత బంధాన్ని కదిలించింది. నవాబుల ఇంటి ఆడపిల్ల కాబట్టి ఖైరున్నీసా పేరు చరిత్రకెక్కింది. అదే ఊళ్లో, అదే రోజుల్లో ఓ సిపాయిని చేసుకున్న పిల్లకు అమ్మమ్మా ఉండే ఉంటుంది, బొమ్మ గీసేవాడే లేడు.

బందరు రోడ్డు

చివరి స్టేషన్‌ ఎల్బీనగర్‌. 2018 సెప్టెంబరులో మొదలైన నాటి నుంచి ఈ వైపు రైలు ఇక్కడికే. బయటికొస్తే విజయవాడ హైవే. ఆ రోడ్డు చివర మచిలీపట్నం... మన బందరు. 

1809లో బందరు కోటలో మద్రాసు యూరోపియన్‌ రెజిమెంటు తిరగబడింది. తెల్ల అధికారులు తమ సర్కారు మీదే ఎదురుతిరిగిన ఆ గొడవ సికింద్రాబాద్‌ దాకా పాకింది. అదే రెజిమెంటు 1881లో 'రాయల్‌ డబ్లిన్‌ ఫ్యుజిలియర్స్‌' మొదటి పటాలంగా మారింది. మద్రాసులో పుట్టిన పటాలానికి డబ్లిన్‌ పేరు! డబ్లిన్‌ కచేరీ కాలిన 1922లోనే దాన్నీ రద్దు చేశారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో దాదాపు 30 వేల మందిని మింగేసింది. అటు నిప్పు, ఇటు నీరు. నకళ్లు ఇంకో ఊళ్లో ఉండబట్టే ఏమైనా మిగిలింది.

ఇక కాగితం చెప్పని అవ్వ గురించి వెతికేవాళ్ల చేతికి ఇప్పుడు కొత్త సాధనం వచ్చింది, డీఎన్‌ఏ పరీక్ష. అయిదు తరాల పైనున్న ఒక్కో పూర్వీకుడి వాటా మనలో సుమారు 3 శాతం. మామూలు పరీక్షలో ఐర్లాండ్‌ వాసన తగిలితే తగలొచ్చు. అవ్వ సంగతి తేలాలంటే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూడాలి. అది తల్లి నుంచి బిడ్డలకే వస్తుంది, కూతురి ద్వారానే ముందుకు నడుస్తుంది. కొడుకుతో ఆగిపోతుంది. అంటే తాత ఇంటిపేరు మోస్తున్న మనవడి ఒంట్లో ఆ ఆనవాలు ఉండదు. అవ్వ కూతురు, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు... ప్రతి పెళ్లికీ ఇంటిపేరు మారుతూపోయిన ఆ వరసలో ఇవాళ ఎవరున్నారో వెతికి పట్టుకోవాలి. ఆవిడ ఏ ఊళ్లో, ఏ ఇంటి కోడలై ఉందో! దొరికితే, అవ్వ తల్లి వరస ఏ ప్రాంతాల వాళ్లతో కలుస్తుందో పరీక్ష కొంతవరకు చెబుతుంది. పేరు చెప్పదు.

పేరు తెలిసే అవకాశం ఇంకెక్కడైనా ఉంటే ఆ పెద్దావిడ దగ్గరే. 'మా అమ్మమ్మకి వాళ్లమ్మ తెలుగులో ఏదో పాట పాడేదట' అని ఆవిడ మొదలుపెట్టినప్పుడు, ఫోన్లో రికార్డింగ్‌ బటన్‌ నొక్కి పక్కన పెట్టి, అడ్డు తగలకుండా వినాలి.